నాగగొలుగు పొద: నిమ్మ, బత్తాయి తోటలు గల రైతులు గమనింపవలసిన సంగతులు

నిమ్మ కుటుంబమునకు చెందిన చెట్లలో కృష్ణా డెల్టా రైతునకు చిరపరిచయము గలవి కొన్ని కలవు. పెరటిలోని కరివేప, శివాలయమునొద్ది మారేడు, పొలముగట్టున నిలిచిన వెలగ, మెరకభూమిలోని నిమ్మ, సంతలో కొనెడి బత్తాయి, కమల, ఇవి యన్నియు నొక్క కుటుంబములోనివే. వీని ఆకును వెలుతురున కెదురుగా పట్టి చూచినచో సూదిమొనతో పొడిచినట్లు సన్నని చుక్కలు కానవచ్చును. ఆ చుక్కలు తైలపు తిత్తులు. ఆకును నలిపినప్పుడు వాసన వచ్చుట ఆ తైలమువలననే.

ఈ కుటుంబములో రైతులు అంతగా నెరుగని పూపొద యొకటి కలదు. దాని పేరు నాగగొలుగు. డెల్టా మాగాణి పల్లెలలో నిది అరుదు. కాని ఇటీవల పట్టణములలో దీనిని కంచెగాను, అలంకారముకొరకును నాటుట హెచ్చినది. నర్సరీలవారు దీనిని కామిని, మధుకామిని యను పేర్లతో అమ్ముచున్నారు. పూలగుత్తులు కట్టువారును, పెండ్లిపందిళ్లు అలంకరించువారును దీని ఆకురెమ్మలను కొనుచున్నారు. అందువలన నిమ్మతోట గల రైతు సయితము, గట్టువెంబడి నాలుగు వరుసలు వేసికొనినచో కంచెకు కంచె, రాబడికి రాబడి యగునుగదా యని తలచుట సహజము. ఆ తలంపునకు లోబడుటకు ముందు ఈ పొదనుగూర్చి తెలిసికొనదగిన సంగతులు కలవు. వానిని తెలిసికొనక నాటినచో, ఐదారేండ్లు పెంచిన తోటకు ఒక్క పూలకంచె కీడు తేగలదు.

పొద రూపము

నాగగొలుగు ఆకురాలని పొద. కత్తిరింపనియెడల ఆరు మొదలు పండ్రెండు అడుగుల ఎత్తు పెరుగును. వయసు మీరినచో చిన్నచెట్టుగా మారును. బెరడు లేతబూడిద రంగు కలిగి యుండును. ముండ్లు లేవు. ఒక్కొక్క ఆకుకాడకు మూడు మొదలు ఏడు వరకు, అప్పుడప్పుడు తొమ్మిది, చిన్న ఆకులు ఎడమొగము పెడమొగముగా అమరి యుండును. అవి ముదురాకుపచ్చ రంగుతో నూనె రాచినట్లు మెరయును. పువ్వు తెలుపు. ఐదు రేకులు వెనుకకు వంగి యుండును. పది కేసరములలో ఒకటి పొడవు, ఒకటి పొట్టిగా వరుసతప్పక నిలుచును. వాన కురిసిన కొలదిదినములకు పొద యంతయు ఒక్కసారిగా పూయును. నారింజపూవును, మల్లెను కలిపినట్లు తోచు ఆ పరిమళము సాయంకాలమున హెచ్చి, ఇంటి వెలుపలకును వ్యాపించును. కాయ అర అంగుళము పొడవున కోలగా నుండి, పండినప్పుడు ఎఱుపు రంగునకు తిరుగును. లోపల జిగురుగల గుజ్జును, ఒకటి రెండు గింజలును ఉండును.

దీనిని పోలిన పొదలతో పొరబడకుండుటకు ఈ గురుతులు చాలును. కరివేపకు ఒక్క కాడకు పదునొకటి మొదలు ఇరువది పైచిలుకు చిన్నాకులుండును, పండు నలుపు. గొలుగు, లేక గొంజి యనబడు పొదకు పండు లేతగులాబి రంగున, లోపలి గింజ తోచునంత పలుచని తోలుతో నుండును. అడవినిమ్మకు ఆకులు ఒంటిగా నుండును, ముండ్లుండును, కాయ చిన్న నిమ్మకాయవలె నుండును. పండు ఎఱుపు, ముండ్లు లేవు, చిన్నాకులు కొద్ది, పువ్వు పెద్దది యన్నచో అది నాగగొలుగే.

పేరు, పూర్వచరిత్ర

ఈ పొదకు శాస్త్రనామము ముర్రయా పానిక్యులేటా. 1767లో స్వీడను దేశపు లిన్నేయసు దీనికి వేరొక పేరుంచెను. 1820లో విలియం జాక్ అను శాస్త్రజ్ఞుడు దీనిని ముర్రయా జాతిలో చేర్చెను. ఉద్యానములలో పెంచెడి చిన్నాకుల రకమును కొందరు ముర్రయా ఎక్సోటికా యని వేరుగా లెక్కింతురు. రైతు కార్యమునకు రెండును ఒక్కటియే.

ఈ మొక్కల చరిత్రతో తెలుగుతీరమునకు సంబంధము కలదు. లిన్నేయసు శిష్యుడును, తరంగంబాడి కేంద్రముగా దక్షిణదేశపు మొక్కలను పరిశీలించినవాడును అగు యోహాన్ గెరార్డ్ కోనిగ్ 1785లో కాకినాడ చేరువనున్న జగన్నాథపురమున మరణించెను. కరివేప శాస్త్రనామములో ఇప్పటికిని నిలిచియున్న కోనిగీ యను మాట ఆయన పేరే. అంత్యకాలమున ఆయనకు వైద్యము చేసిన విలియం రాక్స్‌బరో సామర్లకోటలో ప్రయోగతోటను నడపి, కోరమండల తీరపు మొక్కలనుగూర్చిన గొప్ప గ్రంథమును రచించెను. అది 1795 మొదలు 1820 వరకు సంపుటములుగా వెలువడెను. గోదావరి, కృష్ణా మండలముల నిమ్మజాతి మొక్కలనుగూర్చి శాస్త్రప్రపంచమునకు మొదట తెలిసిన విషయములలో పెక్కులు ఇట్టివారి శ్రమవలన లభించినవే.

ఎచ్చట పెరుగును, ఎందుకుపయోగించును

స్వభావముగా నాగగొలుగు తూర్పుకనుమల అడవులలో, రాతినేలలందును వాగుల యొడ్డులందును పెరుగును. నీరు నిలువని నేల దీనికి కావలయును. కాలువ నీరు వదలినది మొదలు ఊట పైకి వచ్చెడి డెల్టా పల్లపు మాగాణిలో ఇది నిలువదు. ఏటియొడ్డు మెరకలు, ఇసుక కలసిన ఒండ్రునేలలు, విజయవాడ చుట్టునున్న కొండల దిగువ ఎఱ్ఱగరపనేలలు దీనికి తగును. ఇచ్చట రైతు గమనింపదగిన దేమనగా, నిమ్మకు తగిన నేలలును ఇవియే. నాగగొలుగు నాటదగిన చోటు తఱచుగా నిమ్మతోట ప్రక్కనే యగుటకు ఇదియే కారణము.

కఱ్ఱ లేతపసుపు రంగున, బరువుగా, సన్ననినేతగా నుండును. చేతికఱ్ఱలకును, పనిముట్ల పిడులకును ఉపయోగింతురు. ఆకు పొగరుగా నుండుటచేత నాటువైద్యములో అతిసారమునకు వాడుట కలదు. పువ్వు పూజకు పనికివచ్చును. ఆకురెమ్మలు కోసిన పిదప పలుదినములు వాడక పచ్చగా నుండుటచేత అలంకారమునకు గిరాకి కలిగినది. మొక్కలను పండిన గింజనుండి పెంచవచ్చును; గింజను ఎండబెట్టక వెంటనే విత్తవలెను. కొమ్మకు అంటు కట్టియు మొక్కలు తీయవచ్చును.

ఇంతవరకు చెప్పినవన్నియు ఈ పొద సుగుణములే. ఇక దాని దోషము చెప్పవలసియున్నది.

సిల్లా పురుగు

నిమ్మజాతి చెట్ల లేత ఇగుళ్లపై రసము పీల్చి జీవించెడి చిన్నపురుగు ఒకటి కలదు. దానిని సిల్లా పురుగు అందురు. పెద్దపురుగు నువ్వుగింజంత యుండును. రెక్కలపై గోధుమరంగు మచ్చలుండును. దీనిని గుర్తించుటకు సులభమైన యుపాయము దాని కూర్చుండు తీరు. తల ఆకునకు ఆనించి, వెనుకభాగము పైకెత్తి, వాలుగా నిలిపిన ముల్లువలె కూర్చుండును. ఇతర పురుగు లేదియు నిమ్మ ఆకుపై ఇట్లు కూర్చుండదు.

ఆడుపురుగు గుడ్లను విప్పారని లేతచిగురు మడతలలోనే పెట్టును. ముదురాకుపై పెట్టదు. ఒక్క పురుగు జీవితకాలములో కొన్ని వందల గుడ్లు, అనుకూలించినచో ఎనిమిది వందల వరకు పెట్టగలదు. గుడ్లనుండి వచ్చిన పిల్లపురుగులు ఐదుమారులు కుబుసము విడిచి పెద్దవగును. గుడ్డుదశ మొదలు పెద్దపురుగగు వరకు, వేడిమినిబట్టి పదునైదు మొదలు నలువదియేడు దినములు పట్టును. పిల్లపురుగులు తెల్లని మైనపు దారములను, తేనెబంకను విసర్జించును. ఆ బంకపై మసితెగులు వ్యాపించి ఆకు నల్లబడును. ఇగుళ్లు మెలివడి, రాలిపోవును. పంజాబులోని తోటలకు ఈ పురుగు చేయుచున్న నష్టమును 1927లో హుస్సేను, నాథు అను శాస్త్రజ్ఞులు సవిస్తరముగా వర్ణించిరి.

ఈ పురుగు పీల్చెడి రసమువలన కలుగు నష్టము చిన్నది. అది మోసికొనివచ్చు తెగులు పెద్దది.

గ్రీనింగు తెగులు

గ్రీనింగు తెగులునకు కారణము చెట్టు బెరడులోని ఆహారనాళములయందు నివసించెడి సూక్ష్మజీవి. చీనాదేశమున దీనిని హ్వాంగ్‌లాంగ్‌బింగ్ అందురు. పచ్చచిగురు పసుపగు జబ్బు అని అర్థము. ఇది అంటుకట్టుటవలన ఒక చెట్టునుండి వేరొక చెట్టునకు సంక్రమించునని 1956లో చీనా శాస్త్రజ్ఞుడు లిన్ కుంగ్‌హ్సియాంగ్ రుజువుచేసెను. సిల్లా పురుగు దీనిని వ్యాపింపజేయునని 1967లో భారతదేశమున కపూరు మొదలగువారు చూపిరి. పిల్లపురుగుగా నున్నప్పుడు రోగముగల చెట్టు రసము పీల్చినది, పెద్దదై రెక్కలు వచ్చిన పిదప జీవితాంతము తెగులును మోయును. ఆరోగ్యముగల చెట్టు చిగురుపై వ్రాలినప్పుడు దానికి అంటించును.

తెగులు సోకిన చెట్టు వెంటనే చెప్పదు. కొన్ని నెలలు మొదలు కొన్ని ఏండ్ల వరకు బాహ్యలక్షణము లేకయే యుండును. ఆ కాలములోనే దానిపై పెరిగిన పురుగులు చుట్టునున్న చెట్లకు తెగులును చేర్చును. రైతు మొదటి పసుపుకొమ్మను చూచునాటికి పని చాలవరకు జరిగిపోయియుండును. ఈ తెగులునకు నివారణమందు లేదు. సోకిన చెట్టును తిరిగి ఆరోగ్యవంతముగా చేయగల పద్ధతి ఇంతవరకు దొరకలేదు. బత్తాయి, కమల దీనికి మిక్కిలి లోబడును. నిమ్మ కొంత తట్టుకొనును. కాని అదియు క్రమముగా కాపు తగ్గి క్షీణించును.

ఇతరదేశపు ఉదాహరణము

ఈ విషయమున నాగగొలుగు పొద పాత్ర ఎట్టిదో అమెరికా దేశపు ఫ్లారిడా రాష్ట్రచరిత్ర తెలుపును. అచ్చట దీనిని నారింజమల్లె యని పిలిచి, ఇండ్లచుట్టు కంచెగా విరివిగా నాటెడివారు. 1998లో సిల్లా పురుగు ఆ రాష్ట్రమున మొదట కనబడెను. అంగళ్లలో అమ్మెడి నారింజమల్లె కుండీమొక్కలతోపాటు పురుగును లారీలకెక్కి ఊరూర తిరిగెను. మూడేండ్లు నిండకమునుపే అది 31 జిల్లాలకు వ్యాపించినది. నిమ్మతోటలవారు కొనని మొక్క, నిమ్మతోటలకు శత్రువును మోసికొనిపోయినది. 2005లో గ్రీనింగు తెగులు అచ్చట బయటపడెను.

2003–04 పంటకాలమున ఫ్లారిడా నారింజపంట 24 కోట్ల 20 లక్షల పెట్టెలు. ఒక్కొక్క పెట్టె సుమారు 41 కిలోలు. 2022–23లో అది ఒక కోటి అరువది లక్షల పెట్టెలకు లోబడెను. ఇందులో తుపానులవలని నష్టమును, తోటలు ఇండ్లస్థలములుగా మారుటయు కొంత కలదు. అయినను ప్రధానకారణము ఈ తెగులే యని అందరును అంగీకరింతురు. బ్రెజిలు దేశమున 2004లో తెగులు కనబడిన పిమ్మట, సావ్ పావ్లో రాష్ట్రములో పట్టణవీథులలోని నారింజమల్లె పొదలను తొలగించుటకు పూనుకొనవలసి వచ్చెను.

భారతదేశమున సిల్లా పురుగును, తెగులును పూర్వమునుండియు ఉన్నవే గనుక, ఇచ్చటి రైతునకు క్రొత్తగా వచ్చిన శత్రువు లేదు. ఉన్న శత్రువునకు క్రొత్త ధాన్యపుకొట్టు కట్టియీయకుండుటయే ఇచ్చటి ప్రశ్న.

కత్తిరించు కంచె యెందుకు కీడు

నిమ్మచెట్టు ఏడాది పొడుగున చిగురింపదు. జనవరి, ఫిబ్రవరి నెలలలో ఒకసారియు, మృగశిర కార్తె వానలతో ఒకసారియు, హస్త కార్తె ప్రాంతమున ఒకసారియు ముఖ్యముగా ఇగురు వేయును. నడుమనుండు నెలలలో ఆకు ముదిరియుండును. ముదురాకుపై పెద్దపురుగు బ్రతుకగలదు గాని గుడ్లు పెట్టజాలదు. కావున ఒక ఇగురునకును మరియొక ఇగురునకును నడుమ పురుగుల సంఖ్య తగ్గును. ఇది ప్రకృతి రైతునకు చేసిన సహాయము.

నాగగొలుగు కంచె ఈ సహాయమును చెడగొట్టును. కంచెను ఎన్నిమారులు కత్తిరించిన అన్నిమారులు లేతచిగురు పుట్టును. అలంకారమునకు రెమ్మలు కోసి అమ్మువాడు నీరుకట్టి, ఎరువువేసి, నెలనెలకు కోయును. ఆ పొదలకు ఏడాది పొడుగునను చిగురే. నిమ్మచెట్టుపై ఆకలిగొన్న పురుగు కంచెపైకి పోయి సంతానమును పెంచుకొనును. మరల నిమ్మ చిగురించిన వారములోనే కంచెనుండి గుంపులుగా తోటలోనికి దిగును. గాలివాటున ఈ పురుగు మైలుకు మించి పోగలదు గనుక, కంచె పొరుగువాని తోటకును ముప్పే.

మరియొక సంగతి. నాగగొలుగు చూపునకు ఆరోగ్యముగనే యుండును. తెగులు సూక్ష్మజీవి దానిలో కొద్దిగా, కొంతకాలము మాత్రమే నిలుచునని పరిశోధనలు తెలుపుచున్నవి. ఆకు పసుపు కాదు, కొమ్మ ఎండదు. కావున పొదను చూచి, రోగము లేదుగదా యని రైతు నిశ్చింతగా నుండరాదు. దాని దోషము రోగమును మోయుటకంటె ఎక్కువగా, రోగమును మోయువానిని పోషించుటలో నున్నది.

రైతు వేసికొనవలసిన లెక్క

నాలుగెకరముల నిమ్మతోట గల రైతు, తోటగట్టు చుట్టును ఈ కంచె వేయదలచెనని యనుకొనవచ్చును. కంచె రెండేండ్లలో కోతకు వచ్చును. నిమ్మ గింజమొక్కనుండి కాపునకు నాలుగైదేండ్లు పట్టును. పూర్తికాపునకు ఇంకను ఎక్కువ. కంచె చెడినచో రెండేండ్లలో మరల వేసికొనవచ్చును. తోట చెడినచో మొదటినుండి ఐదేండ్లు, ఆ నేలకు కట్టిన నీరు, పెట్టిన ఎరువు, వదలుకొన్న ఇతరపంట, అన్నియు పోవును. ఆకురెమ్మలవలన వచ్చు రూకలను ఒక తట్టలోను, తోటను రెండవ తట్టలోను ఉంచి తూచినచో ఏది బరువో రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ లెక్క డెల్టాతో ఆగదు. కృష్ణకు ఎగువన నల్లగొండ ప్రాంతపు బత్తాయి తోటలు కలవు. క్రింద తెనాలి నిమ్మకాయల బజారునకు సరకు పంపు తోటలు కలవు. కడియము నర్సరీలనుండి అలంకారపు మొక్కలు ఈ ప్రాంతములన్నిటికిని లారీలపై పోవుచుండును. లేతచిగురుతోనున్న మొక్కపై గుడ్లు ఉన్నను కంటికి కానరావు. ఒకచోట కొనిన మొక్క నూరుమైళ్ల దూరపు తోటకు పురుగును చేర్చుటకు ఒక్కరాత్రి చాలును.

పసుపు ఆకు యంతయు గ్రీనింగు కాదు

పై మాటలు విని, తోటలో పసుపు ఆకు కనబడగానే రైతు భయపడి చెట్లు కొట్టివేయరాదు. నిమ్మ ఆకు పసుపగుటకు కారణములు పెక్కులు.

జింకు ధాతువు లోపించినప్పుడు ఆకు చిన్నదై, ఈనెల నడుమభాగము పసుపగును. కాని మధ్య ఈనెకు ఇరుప్రక్కలను మచ్చలు ఒకే తీరుగా నుండును. ఇనుము లోపించినప్పుడు ఈనెలు మాత్రము వలవలె పచ్చగా నిలిచి మిగిలినది పాలిపోవును. నీరు నిలిచి వేరు కుళ్లినప్పుడు చెట్టంతయు ఒక్కసారిగా వాడి పసుపగును. డెల్టాలో ఇది తఱచు. గ్రీనింగులో నట్లుకాదు. మొదట చెట్టులో ఒక కొమ్మ మాత్రమే పసుపగును. ఆకుపై మచ్చలు మధ్య ఈనెకు కుడిప్రక్క ఒకతీరు, ఎడమప్రక్క ఒకతీరు, పొంతన లేక యుండును. కాయ ఒకప్రక్కకు ఒరిగి, చిన్నదై, అడుగుభాగము పచ్చగనే మిగులును. కోసిచూచిన గింజలు తప్పలై, నల్లబడి యుండును. కొమ్మలు కొననుండి ఎండుచు వచ్చును.

ఆకును రెండు పొరలుగా మధ్య ఈనెపై మడిచి, రెండుప్రక్కల మచ్చలు ఒకదానిపై ఒకటి సరిపోవునో లేదో చూచుట మంచి పరీక్ష. సరిపోయినచో ధాతులోపము కావచ్చును. సరిపోనిచో అనుమానింపవలెను. అనుమానము తీరుటకు ఆకుల నమూనాను ప్రయోగశాలకు పంపవలెను. తిరుపతిలోను, వెంకటగిరి చేరువ పెట్లూరులోను నిమ్మజాతి పరిశోధనస్థానములు కలవు. ఉద్యానశాఖ ఉద్యోగులద్వారా నమూనా పంపుట మేలు. నిర్ధారణ కాకుండ చెట్టు కొట్టుట ఎంత తప్పో, నిర్ధారణ యైన పిదప జాలిచే చెట్టును నిలుపుట అంత తప్పు.

కరివేప సాగుచేయు రైతులకు

మంగళగిరి చేరువనున్న పెదవడ్లపూడి ప్రాంతమున కరివేపను పొలముపంటగా పండించుట చిరకాలముగా కలదు. కరివేపయు సిల్లా పురుగునకు ఇష్టమైన ఆహారమే. కరివేపలో గ్రీనింగు సూక్ష్మజీవి కాపురముండదని పరిశోధనలవలన తెలియుచున్నది. అయినను దానిపై పెరిగిన పురుగులు ప్రక్కతోటకు పోవును. కరివేప ఆకు మనుష్యులు తినెడిది గనుక, దానిపై బలమైన విషపు మందులు చల్లుట యుక్తము కాదు. కావున నిమ్మను, కరివేపను ఒకదానినానుకొని యొకటి వేయకుండుటయే రెండుపంటల రైతులకును క్షేమము. ఇదివరకే పక్కపక్కన నున్నచో, కరివేప కోతను ఒక్కొక్క మడిగా నెలపొడుగున సాగింపక, ఒక ప్రాంతమంతయు ఒకేసారి కోసి, క్రొత్త ఇగురుపై ఒకేసారి వేపకషాయము చల్లుట మంచిది.

సహజశత్రువులు

సిల్లా పురుగునకు ప్రకృతిలో శత్రువులు కలరు. అక్షింతల పురుగులు, వాని పిల్లలు దీని గుడ్లను, పిల్లలను తినును. సాలెపురుగులు పెద్దపురుగులను పట్టును. టమరిక్సియా యను మిక్కిలి చిన్న కందిరీగజాతి పురుగు సిల్లా పిల్లపురుగు క్రింద గుడ్డుపెట్టును. దాని పిల్ల సిల్లాను తినివేసి, ఎండిన తోలునకు గుండ్రని రంధ్రము చేసి బయటికి వచ్చును. ఈ మేలుపురుగును 1922లో శాస్త్రజ్ఞులు మొదట వర్ణించినది పంజాబునుండి పంపిన నమూనాలబట్టియే. హిందూమహాసముద్రములోని రీయూనియను ద్వీపమున 1978లో దీనిని విడిచిపెట్టగా సిల్లా పురుగు చాలవరకు అణగెను. రైతు తోటలో రంధ్రముగల ఎండుతోళ్లు కనబడినచో, మేలుపురుగులు పనిచేయుచున్నవని గ్రహించి, అనవసరముగా మందు చల్లరాదు. తఱచుగా విషపుమందులు చల్లిన తోటలో మొదట చచ్చునవి ఈ మిత్రములే.

చేయవలసిన పనులు

1. నిమ్మ, బత్తాయి, కమల తోటలకు సమీపమున నాగగొలుగును కంచెగాగాని, రెమ్మలకొరకుగాని నాటరాదు. కంచె కావలసినచో గోరింట, వాక వంటి, నిమ్మ కుటుంబమునకు చెందని మొక్కలను ఎన్నుకొనవలెను.

2. తోటయొద్ద ఇదివరకే కంచె యున్నచో దానిని వేళ్లతో త్రవ్వి తీయుట ఉత్తమము. మోడుగా కొట్టి వదలినచో మరల చిగురించి పురుగునకు మేలే చేయును. తీయుటకు ముందు వేపకషాయము చల్లవలెను. లేనిచో కొట్టిన కంచెనుండి పురుగులన్నియు తోటలోనికి పోవును.

3. వెంటనే తీయలేనిచో కంచెను మాటిమాటికి కత్తిరింపక, పెరుగనీయవలెను. నిమ్మతోట ఇగురు వేయు నెలలకు ముందు ఎంతమాత్రము కత్తిరింపరాదు.

4. ఇగురు వేయు ప్రతికాలమున వారమునకొకసారి తోటలో నాలుగుమూలలను, నడుమను కొన్ని చెట్లను ఎంచి, లేతచిగుళ్లను పరీక్షింపవలెను. గట్టువెంబడి నున్న చెట్లను విడువరాదు. పురుగు మొదట దిగునది అచ్చటనే.

5. పురుగు కనబడినచో ఐదుపాళ్ల వేపగింజల కషాయమును చల్లవలెను. ఐదు కిలోల వేపపప్పును దంచి, రాత్రి నీటిలో నానబెట్టి, ఉదయమున గుడ్డతో వడియగట్టి, నూరు లీటర్ల నీటికి సరిపుచ్చి, కొంచెము సబ్బు కలిపి, సాయంకాలమున చిగుళ్లు తడియునట్లు చల్లవలెను. వారము పదిదినములకు మరల చల్లవలెను. తీవ్రమైనచో ఏ మందు, ఎంత అను విషయమును ఉద్యానశాఖ ఉద్యోగి నడిగి చేయవలెను. పూత నిండుగా నున్నప్పుడు చల్లినచో తేనెటీగలు చచ్చును.

6. మొక్కలను, అంటుకొమ్మలను తెలియనిచోట కొనరాదు. పురుగు చొరని వలయింటిలో పెంచిన మొక్కలనే కొనవలెను. బత్తాయి అంటు కట్టుటకు కొమ్మను ఇచ్చిన తల్లిచెట్టు రోగరహితమని పరీక్షింపబడినదా యని అడుగుట రైతు హక్కు.

7. తెగులు నిర్ధారణమైన చెట్టును మందు చల్లిన పిదప వేళ్లతో తీసి తగులబెట్టవలెను. కొమ్మ కొట్టి మిగిలినది కాపాడుకొనవచ్చునను ఆశ వ్యర్థము; సూక్ష్మజీవి అప్పటికే వేళ్లకు చేరియుండును.

8. పొరుగురైతులు కలసి పనిచేయవలెను. ఒకడు చల్లి, రెండవవాడు ఊరకున్నచో పదిదినములలో పురుగులు తిరిగివచ్చును. ఒక ఊరి తోటలవారందరును ఒకే వారమున చల్లుట, ఒకే కాలమున కంచెలు తీయుట వ్యయమును తగ్గించి ఫలమును హెచ్చించును.

ఎచ్చట పెంచవచ్చును

ఇంత చెప్పినంతమాత్రమున నాగగొలుగును లోకమునుండి వెలివేయవలెనని కాదు. అడవిలో తానుగా పెరిగిన పొదను నరకుట తగదు. అచ్చట దానిని కత్తిరించువారు లేరు, నీరుకట్టువారు లేరు. అది వానకు చిగురించి, వానకు పూచి, తక్కిన కాలమంతయు ముదురాకుతో నుండును. దాని పండ్లను పక్షులు తిని గింజలను చల్లును. పువ్వులవలన తేనెటీగలకు ఆహారము లభించును. నిమ్మతోటలు లేని పల్లెలో, వరిపొలముల నడుమనున్న మెరకయింటి ముంగిట, దేవాలయపు తోటలో ఒకటి రెండు పొదలను పెంచుకొనుటవలన కీడు లేదు. అట్లు పెంచువారును దానిని కత్తెరకు అలవాటుచేయక, స్వేచ్ఛగా పెరుగనిచ్చుట మేలు. కత్తిరింపని పొదయే నిండుగా పూయును.

తాత్పర్యము

నాగగొలుగు మంచి పువ్వు, మంచి కఱ్ఱ, మంచి నీడ గల పొద. కాని అది నిమ్మకు దాయాది. దాయాదియింట పెరిగిన పురుగు నిమ్మయింటికి దారి యెరుగును. తోట లేని చోట దానిని ఆదరింపవచ్చును. తోట యున్నచోట దూరముంచవలెను. రాబోవు మృగశిరలో గట్టుపై ఏ మొక్క నాటవలెనని యోచించు రైతు, నర్సరీలో పూలవాసనను చూచుటకు ముందు, తన తోటలోని లేతచిగురు నొకదానిని విప్పి చూచుకొనవలెను.